కల్చర్‌లో క్రిమి పెరిగింది సరే, రోగికి నెమ్ము (న్యుమోనియా) చేసిందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. శ్రీకాకుళంలో ఎనిమిది పడకల ఐసీయూలో మీరు స్టాఫ్ నర్సు. వెంటిలేటర్ పెట్టిన నాలుగైదు రోజులకల్లా చాలామందికి జ్వరం వస్తోంది. శ్వాసనాళంలో వేసిన ట్యూబ్‌లోంచి తీసిన కఫం కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్షకి) పంపితే ఎసినెటోబ్యాక్టర్ అనే క్రిమి ఉందని రిపోర్టు వస్తోంది, ఆ సాయంత్రమే కొలిస్టిన్ అనే ఘాటైన యాంటీబయాటిక్ మొదలవుతోంది. ఇవన్నీ వెంటిలేటర్ న్యుమోనియాలేనా, పెద్ద ఖర్చు లేకుండా వీటిని ఎలా ఆపాలి అని అడిగారు. మూడో బెడ్‌లో పక్షవాతంతో ఉన్న పెద్దాయనకు ట్యూబ్ వేసి ఆరు రోజులైందని, నిన్నటి నుంచి 101 జ్వరమని, కల్చర్‌లో అదే క్రిమి వచ్చిందని, ఆక్సిజన్ మాత్రం మొదటి నుంచీ 40 శాతం మీదే నడుస్తోందని కూడా రాశారు.

నేను విజయనగరంలో మత్తు డాక్టర్‌ని. ఇరవై ఏళ్లు దాటింది, రోజులో ఎక్కువ భాగం ఐసీయూలోనే గడుస్తుంది. సూటిగా చెప్తాను: అవన్నీ న్యుమోనియాలు కావు. ట్యూబ్ వేసిన కొద్ది రోజుల్లో అందులో ఏదో ఒక క్రిమి చేరడం చాలామందిలో జరిగేదే. అలా చేరిన క్రిమి వల్ల ఊపిరితిత్తి జబ్బు పడిందా లేదా అన్నది కల్చర్ కాగితం చెప్పలేదు. ఇక నివారణ అంటారా, ఏ ఖరీదైన వస్తువూ చేయలేని పని ట్యూబ్‌ను ఒక్కరోజు ముందు తీయగలగడం చేస్తుంది. దాని తర్వాత తల ఎత్తు, కఫ్ ప్రెషర్, నోటి శుభ్రం, చేతుల శుభ్రం. ఈ నాలుగూ మీ చేతిలో ఉన్నవే.

అసలు ఇది ఎలా వస్తుందో కళ్లకు కట్టినట్టు తెలిస్తే మిగతాదంతా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పేరు వెంటిలేటర్‌ది గానీ తప్పు మెషిన్‌ది కాదు, గొట్టానిది. ట్యూబ్ చివర ఉండే కఫ్ అనే బుడగ పైన, నోట్లోంచి జారిన ఉమ్మి, ముక్కులోంచి దిగిన చీమిడి, కడుపులోంచి ఎగదన్నిన పాలు మడుగు కట్టి నిలబడతాయి. బుడగ ఎంత ఉబ్బినా దాని ఒంటి మీద సన్నటి ముడతలు మిగులుతాయి. చెరువుకు గండి పడకపోయినా తూములోంచి నీరు ఊరినట్టు, ఆ ముడతల్లోంచి చుక్క చుక్కగా కిందికి దిగుతుంది. మామూలు మనిషైతే దగ్గి బయటికి నెట్టేస్తాడు. మత్తులో ఉన్న మనిషికి దగ్గు లేదు, మింగడం లేదు. ట్యూబ్ వేసిన 48 గంటల తర్వాత వచ్చిన న్యుమోనియానే ఈ పేరుతో పిలవడానికి కారణం కూడా ఇదే. అంతకుముందే కనిపించిందంటే, ట్యూబ్ వేయకముందే మనిషి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. మన వైపు పురుగుల మందు తాగిన కేసుల్లో ఇది చాలా ఎక్కువ. స్పృహ లేని మనిషికి ట్యూబ్ వేయకుండానే ఎక్కడో కడుపు కడిగి పంపిస్తారు. మూడో రోజున ఎక్స్-రేలో కనిపించే మచ్చకు బీజం అక్కడే పడి ఉంటుంది.

మొదట ట్యూబ్ తీసే సంగతి. ఇది డాక్టర్ పని అని మీరు అనుకోవచ్చు. నా అనుభవంలో సగం పని నర్సుదే. తొమ్మిది గంటలకు రౌండ్స్ అయితే, ఆరు గంటలకే మిడజోలం, ఫెంటనిల్ లాంటి మత్తు మందులు ఆపి లేదా బాగా తగ్గించి పెడితే, డాక్టర్ వచ్చేసరికి రోగి కళ్లు తెరిచి ఉంటాడు. మేం వచ్చాక ఆపితే మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, సాయంత్రం ట్యూబ్ తీయడానికి ఎవరికీ ధైర్యం చాలదు, ఇంకో రాత్రి గడిచిపోతుంది. మెలకువ వచ్చిన మనిషికి అరగంట సేపు మెషిన్ సాయం తగ్గించి సొంతంగా ఊపిరి తీసుకోనిచ్చి చూడాలి. మత్తు ఆపడం, సొంత ఊపిరి పరీక్ష, రెండూ కలిపి రోజూ చేస్తే వెంటిలేటర్ రోజులు తగ్గుతాయని 2008లోనే పెద్ద అధ్యయనం తేల్చింది. తలలో ప్రెషర్ పెరిగినవాళ్లకు, ఫిట్స్ ఆగనివాళ్లకు, ఆక్సిజన్ చాలా ఎక్కువ కావలసినవాళ్లకు, కండరాలు సడలించే మందు నడుస్తున్నవాళ్లకు మత్తు ఆపకూడదు. ఆ జాబితాను మీ డాక్టర్‌తో కూర్చుని ముందే రాసిపెట్టుకోండి, ఆరు గంటలకు ఫోన్ చేసి అడిగే టెన్షన్ ఉండదు.

తల ఎత్తు 30 నుంచి 45 డిగ్రీలు. ఈ మాట అందరికీ తెలుసు, అందరూ టిక్ కొడతారు. కానీ కంటి అంచనా మోసం చేస్తుంది. మేం ఒకసారి అట్టముక్క మీద కోణమానిని గీసి, దారానికి నట్టు కట్టి వేలాడదీసి ప్రతి మంచం పక్కనా పెట్టి చూశాం. ముప్పై ఉందని రాసిన చాలా మంచాలు ఇరవై దగ్గరే ఉన్నాయి. ఇంకో సంగతి, మంచం ముప్పై ఉన్నా మనిషి కిందికి జారిపోయి ఉంటాడు. మంచం వంగే చోట రోగి నడుము ఉండాల్సింది, వీపు మధ్యభాగం ఉంటుంది. అప్పుడు ఎత్తింది తలనీ మెడనీ మాత్రమే, కడుపు నొక్కుకుపోయి పాలు పైకి తంతాయి. రెండు గంటలకోసారి తిప్పేటప్పుడు ఇద్దరు పట్టుకుని పైకి జరపండి. వెన్నుపూస దెబ్బ అయితే మంచాన్ని మధ్యలో వంచకుండా మొత్తంగా తలవైపు ఎత్తు చేయాలి. బట్టలు మార్చడానికి, ఎక్స్-రే తీయడానికి పడుకోబెట్టాల్సి వస్తే రైల్స్ ట్యూబ్‌లో (ముక్కులోంచి కడుపుకు వేసిన గొట్టంలో) ఫీడ్ ముందే ఆపేయండి, తర్వాత మర్చిపోకుండా తల ఎత్తండి.

కఫ్ ప్రెషర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండాలి. ఇరవై దిగితే మడుగు కిందికి కారుతుంది, ముప్పై దాటితే శ్వాసనాళం లోపలి పొరకు రక్తం సరిగా అందదు. కఫ్‌కు గాలి పట్టే పైపు చివర బయట ఉండే పైలట్ బుడగను వేళ్లతో నొక్కి "బానే ఉంది" అనడం నేనూ ఏళ్ల తరబడి చేశాను. వేళ్లకు ఇరవైకీ అరవైకీ తేడా తెలియదు. పలాస నుంచో పార్వతీపురం నుంచో అంబులెన్స్‌లో ట్యూబ్‌తో వచ్చిన రోగికి చేరగానే మీటర్ పెట్టి చూస్తే, ముల్లు అటు చివరో ఇటు చివరో ఉండడం ఎన్నిసార్లు చూశానో. కంగారులో సిరంజితో గాలి కొట్టి పంపిస్తారు, వాళ్ల తప్పేం లేదు. కఫ్ మీటర్ ఐసీయూ మొత్తానికి ఒక్కటి చాలు. షిఫ్ట్ మొదట్లో ఒకసారి చూసి చార్ట్‌లో అంకె రాయండి. ట్యూబ్ కదిపే ముందు, కఫ్ గాలి తీసే ముందు నోరు, గొంతు వెనక భాగం సక్షన్ చేయడం తప్పనిసరి. లేకపోతే ఆ మడుగంతా ఒక్క దెబ్బలో లోపలికి దిగుతుంది.

నోటి సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే పద్ధతి మారింది. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో నోరు తుడవడం ఏళ్లపాటు మనందరికీ నేర్పారు. 2022లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు దాన్ని చేయవద్దన్న వాటిలోకి మార్చాయి. దానివల్ల న్యుమోనియా తగ్గిన ఆధారం గట్టిగా లేదు, మరణాలు కొంచెం పెరుగుతాయేమోనన్న అనుమానం ఉంది. కావలసింది బ్రష్‌తో పళ్లు తోమడం. చిన్నపిల్లల మెత్తటి బ్రష్ కొనండి, రోగికి ఒకటి. టార్చి వేసి నోరు తెరిచి చూడండి. ట్యూబ్ కట్టిన వైపు దవడ పళ్ల వెనక పచ్చటి పొర అంటుకుని ఉంటుంది, అంగిలి మీద ఎండిన కఫం బెల్లంపాకం చెక్కలా పట్టి ఉంటుంది. దూది చుట్టిన ఫోర్సెప్స్‌తో అది రాదు. ఒక చేత్తో బ్రష్, ఇంకో చేత్తో సక్షన్ పట్టుకుని తోమాలి. ఆ తర్వాత పెదాలకు వాజిలిన్. ట్యూబ్ కట్టు రోజుకోసారి ఎడమ నుంచి కుడికి మార్చితే రెండో వైపు కూడా చేయి వెళ్తుంది.

ఈ పనులు సరిగ్గా జరిగితే ఏమవుతుందో ఒక కుర్రాడి దగ్గర చూశాను. ఆమదాలవలస వైపు పల్లె, పంతొమ్మిదేళ్లు. వానాకాలం, నేల మీద చాపేసుకుని పడుకున్నాడు, తెల్లవారుజామున కట్లపాము కరిచింది. రెప్పలు వాలిపోయి, ఉమ్మి మింగలేక, ఊపిరి అందక వచ్చాడు. ఎక్స్-రేలో ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయి. ఇలాంటి మనిషికి ఊపిరితిత్తుల జబ్బేదీ లేదు, విషం పట్టిన నరాలు కోలుకునేదాకా మెషిన్ ఊపిరి అందిస్తే ఇంటికెళ్తాడు. అతనికి న్యుమోనియా వచ్చిందంటే అది మనం తెచ్చిపెట్టిందే. వాళ్లమ్మ రోజూ తలుపు దగ్గర నిలబడి "నా బిడ్డకి నెమ్ము సేరనేదు కదా బాబూ" అని అడిగేది. ఎవరు చెప్పారో గానీ ఆమెకు తెలుసు. తొమ్మిది రోజులు ట్యూబ్ ఉంది. మా సిస్టర్లు ప్రతి షిఫ్ట్‌లో పళ్లు తోమారు, కఫ్ అంకె రాశారు, రెప్ప తెరవలేకపోయినా అతనికి అన్నీ వినిపిస్తాయని పేరు పెట్టి మాట్లాడుతూ చేశారు. పదో రోజు ట్యూబ్ తీశాం. జ్వరం ఒక్కరోజు కూడా రాలేదు.

రెండోది చేదు అనుభవం. నేను చాలా ఏళ్ల కిందట పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒకే వారం నలుగురికి ఎసినెటోబ్యాక్టర్ వచ్చింది, నలుగురి రిపోర్టుల్లోనూ పనిచేసే మందులు, చేయని మందులు అచ్చు ఒకటే. మేం వెంటిలేటర్ పైపులను అనుమానించి రోజూ మార్చడం మొదలుపెట్టాం. ఖర్చు పెరిగింది, కేసులు తగ్గలేదు. చివరికి ఒక సీనియర్ సిస్టర్ చూపించారు: సక్షన్ పైపు కడగడానికి అర లీటరు సెలైన్ సీసా ఒకటి, మూతకు సూది గుచ్చి, పొద్దున్నుంచి రాత్రిదాకా అన్ని మంచాలకూ అదే. ఆ సీసా తీసేసి, ఎవరి సెలైన్ వాళ్ల మంచం దగ్గరే పెట్టి, ప్రతి మంచం కాళ్ల దగ్గర హ్యాండ్ రబ్ కట్టాక ఆ వరస ఆగింది. ఈ క్రిమి పొడి గచ్చు మీద, మంచం కడ్డీల మీద, స్టెతస్కోపు మీద వారాల తరబడి బతుకుతుంది. మీ దగ్గర అందరికీ అదే క్రిమి వస్తోందంటే నాకు మొదట అనుమానం కలిగేది ఇలాంటి చోటే. రేపు డ్యూటీలో ఒక గంట ఏమీ చేయకుండా నిలబడి, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి ఏ వస్తువులు వెళ్తున్నాయో చూడండి. బీపీ కఫ్, ఆంబూ బ్యాగ్, టార్చి, అన్నీ.

వెంటిలేటర్ పైపులు రోజూ మార్చనక్కర్లేదు, మురికి పట్టినా పాడైనా మార్చితే చాలు. పైపులో నిలిచిన నీరు మాత్రం రోగిని తిప్పే ముందే బయటికి వంచేయాలి, అది ట్యూబ్ వైపు పారకూడదు. మెషిన్ గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్‌లో కుళాయి నీళ్లు ఎట్టి పరిస్థితిలోనూ పోయొద్దు. కఫ్ పైన మడుగును లాగేసే ప్రత్యేక ట్యూబ్‌లు ఉన్నాయి. రెండు మూడు రోజులకు మించి వెంటిలేటర్ మీద ఉంటారనిపించే వాళ్లకు, మేనేజ్‌మెంట్ ఒప్పుకుంటే తెప్పించుకోండి. ముందుజాగ్రత్త అని అందరికీ యాంటీబయాటిక్ వేయడం తప్పు. ఒక్క మినహాయింపు: తలకు దెబ్బ తగిలో, మెదడులో రక్తస్రావమో, పక్షవాతమో వచ్చి స్పృహ లేక ట్యూబ్ వేసినవాళ్లకు, వేసిన 12 గంటల్లోపు సెఫ్‌ట్రియాక్సోన్ 2 గ్రాములు ఒకే ఒక్క డోసు ఇస్తే తొలి రోజుల న్యుమోనియా తగ్గిందని 2024లో ఫ్రాన్స్ అధ్యయనం చూపించింది. పదహారో నంబర్ హైవే మీద ప్రమాదాలు మనకు కొత్త కాదు గనక చెప్తున్నాను. ఒక్క డోసు అంటే ఒక్కటే, దాన్ని ఐదు రోజులు లాగకూడదు.

బంధువుల విషయం కూడా. అరసవల్లి తీర్థమో, పైడితల్లి అమ్మవారి కుంకుమో తెచ్చి, విజిటింగ్ టైమ్‌లో మనం అటు తిరగ్గానే రెండు చుక్కలు నోట్లో వేస్తారు. కోప్పడకండి. ముందురోజే కూర్చోబెట్టి, నోట్లో పోసింది కడుపుకు వెళ్లదు, గొట్టం పక్కనుంచి ఊపిరితిత్తికి వెళ్తుంది అని చేత్తో చూపించి చెప్పండి. నుదుట పెట్టమనండి. నేను చెప్పిన ప్రతి ఇల్లూ విన్నది.

ఇప్పుడు గుర్తించడం. పడక పక్కన మేం చూసేది ఇదీ: ఎక్స్-రేలో కొత్తగా వచ్చిన లేదా పెరుగుతున్న నీడ ఉండాలి. దానికి తోడు జ్వరం, తెల్ల కణాలు బాగా పెరగడం లేదా పడిపోవడం, చీములాంటి చిక్కటి కఫం, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. వీటి పక్కన నేను ఎక్కువగా నమ్మేది ఆక్సిజన్ అవసరం. నిన్నటిదాకా 35 శాతంతో ఉన్న మనిషికి ఈరోజు 60 కావాలంటే ఊపిరితిత్తిలో ఏదో జరిగింది. అలా మొదలైంది హైవే ప్రమాదంలో తలకు దెబ్బతో వచ్చిన ఒక లారీ డ్రైవర్ కేసు. ఐదో రోజు రాత్రి గంటకోసారి సక్షన్ చేయాల్సి వచ్చింది, కఫం పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగింది, ఆక్సిజన్ పెంచాల్సి వచ్చింది, తెల్లారేసరికి కుడి కింది భాగంలో కొత్త నీడ, బీపీ దిగడం మొదలైంది. అక్కడ ఆలోచించడానికేం లేదు. శాంపిల్ తీసి, గంటలోపు యాంటీబయాటిక్ ఇచ్చాం. రిపోర్టులో క్లెబ్సియెల్లా వచ్చింది, మందును దానికి తగ్గట్టు కుదించి ఏడు రోజులకు ఆపేశాం.

కానీ తెల్లగా కనిపించిన ప్రతి ఎక్స్-రే అది కాదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చిన రోగులు మీకు తప్పకుండా తగులుతారు. కవిటి వైపు నుంచి ఒకావిడ, డయాలసిస్ మీద ఉన్న మనిషి, ఆయాసంతో వచ్చి వెంటిలేటర్ ఎక్కింది. మూడో రోజు ఎక్స్-రేలో రెండు వైపులా గుండె చుట్టూ తెల్లటి మబ్బు. కల్చర్‌లో ఎసినెటోబ్యాక్టర్. మా జూనియర్ కొలిస్టిన్ రాయబోయాడు. ఆమె కఫం పలచగా, నురగగా ఉంది, జ్వరం లేదు, రెండు రోజుల్లో ఒంట్లో చేరిన నీటి లెక్క చూస్తే మూడు లీటర్ల పైమాట. డయాలసిస్‌లో నీరు తీయించాం, మర్నాడు ఎక్స్-రే తేటపడింది. న్యుమోనియా నీడ రాత్రికి రాత్రి పోదు. మిగిలిన కాస్త కిడ్నీని కొలిస్టిన్‌తో దెబ్బతీసి ఉండేవాళ్లం. పురుగుల మందు తాగిన కేసుల్లో ఇంకో తికమక ఉంది. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్‌తో కఫం జిగురుగా గట్టిపడి ఒక గొట్టానికి అడ్డుపడుతుంది, ఆ వైపు ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. ఎక్స్-రేలో శ్వాసనాళం తెల్లబడ్డ వైపుకే లాగినట్టు ఉంటే అదే. ఫిజియోథెరపీ, తేమ, మంచి సక్షన్, సాయంత్రానికల్లా తెరుచుకుంటుంది.

శాంపిల్ సరిగ్గా తీయకపోతే రిపోర్టుకు విలువ లేదు. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, శుభ్రమైన సక్షన్ క్యాథెటర్‌తో, మ్యూకస్ ట్రాప్‌లోకి (కఫం పట్టే శుభ్రమైన డబ్బాలోకి) తీయండి. రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. సాయంత్రం తీసి మర్నాడు పొద్దున బండిలో విశాఖ పంపిస్తే దారిలో పెరిగినవన్నీ రిపోర్టులో ఉంటాయి. ల్యాబ్ వాళ్లను గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) కూడా రాయమనండి. నోటి పొర కణాలు ఎక్కువగా ఉన్నాయంటే మీరు పంపింది ఉమ్మి. చీము కణాలే కనబడకపోతే న్యుమోనియా కాకపోవడానికే అవకాశం ఎక్కువ. క్రిమి ఎంత పెరిగిందో లెక్క అడగండి. ట్యూబ్ నుంచి తీసిన కఫంలో మిల్లీలీటరుకు లక్షకు తగ్గితే మేం అంత తొందరపడం, అయినా ఆ అంకె ఒక్కటే పట్టుకుని నిర్ణయించం. ప్రోకాల్సిటోనిన్ ఖర్చుతో కూడిన రక్త పరీక్ష, మందు మొదలుపెట్టాలా అన్నది అది తేల్చలేదు. ఎప్పుడు ఆపవచ్చో చెప్పడానికి కొంత పనికొస్తుంది.

ఇక మీ మూడో బెడ్ పెద్దాయన. ఆక్సిజన్ అవసరం పెరగలేదంటున్నారు, కఫం రంగు మారిందని రాయలేదు. మీరు రాసిన వివరాలను బట్టి ఇది నెమ్ము అనిపించడం లేదు, అయినా పడక పక్కన ఉన్న డాక్టర్ మాటే చివరిది. రేపు పొద్దున ఈరోజు ఎక్స్-రేని మొదటి రోజుదాని పక్కన పెట్టి చూడమనండి, రిపోర్టు ఒక్కటే చదివితే తెలియదు. ఆ తర్వాత జ్వరానికి వేరే కారణం ఉందేమో వెతకండి. ఆయన్ని పక్కకు తిప్పి వీపు, పిరుదులు చూడండి, పుండు మొదలైందేమో. క్యాన్యులా వేసిన చోట నరం ఎర్రబడి తాడులా తగులుతుందేమో. సెంట్రల్ లైన్ (పెద్ద నరంలో వేసిన గొట్టం) వేసి ఎన్నో రోజు? యూరిన్ పైపు ఇంకా అవసరమా? పక్షవాతం వచ్చిన కాలు రెండోదానికంటే లావుగా ఉందా? రెండు చేతుల నుంచి బ్లడ్ కల్చర్ పంపండి. బీపీ నిలకడగా ఉండి, ఆక్సిజన్ పెరగనంతవరకు ఒక రోజు జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండవచ్చు. బీపీ దిగినా, ఆక్సిజన్ పెంచాల్సి వచ్చినా ఆగొద్దు, వెంటనే మందు మొదలుపెట్టాలి. ఆరో రోజు గనక మత్తు ఎంత నడుస్తోందో, సొంత ఊపిరి పరీక్ష చేశారో లేదో కూడా అడగండి. రెండు ఎక్స్-రేలు చూశాక ఏం తేడా కనిపించిందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.